శష్పము, తోక్మము, నగ్నహువు: సౌత్రామణీ సురాసంధాన శబ్దముల అర్థవిచారము

తైత్తిరీయ బ్రాహ్మణము ద్వితీయాష్టకమున ఆరవ ప్రపాఠకము కౌకిలీ సౌత్రామణీ మంత్రములకు స్థానము. ఆంధ్రదేశమున వేదాధ్యయనము చేసినవారిలో అధికసంఖ్యాకులు తైత్తిరీయ శాఖీయులే యగుటచే ఈ భాగమును స్వరము తప్పక వల్లించువారు నేటికిని కలరు. శష్పములు, తోక్మములు, లాజలు, మాసరము, నగ్నహువు అను ద్రవ్యముల పేర్లు అందు వచ్చును. వాజసనేయి సంహితయందు పందొమ్మిది మొదలు ఇరువదియొకటవ అధ్యాయము వరకు గల సౌత్రామణీ ప్రకరణమునను ఇవియే కనబడును. ఈ యైదును సురాసంధానమున కుపయోగించు వస్తువులు. వీనిలో లాజలు పేలాలని అందఱకును తెలియును. తక్కిన నాలుగింటి అర్థమేమి యని అడిగినచో సమాధానము సులభముగా రాదు. కంఠమునకు వచ్చిన శబ్దము బుద్ధికి రాకుండుటకు ఇది మంచి యుదాహరణము.

సురనుగూర్చి వ్రాయుట యేమి యని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. సురాపానము మహాపాతకములలో నొకటి. మనువు పదకొండవ అధ్యాయమున సురను అన్నముయొక్క మలముగా నిందించి, గౌడి, పైష్టి, మాధ్వి యని మూడు విధములుగా విభజించి, మూడింటిని ద్విజోత్తములకు నిషేధించెను. ఆ నిషేధముపై నాకెట్టి వివాదమును లేదు. నా విచారము శబ్దార్థమును గూర్చినది. అంతేకాక, ఈ శబ్దముల విషయమున నేను చాలకాలము తప్పు చెప్పితిని గనుక, దానిని దిద్దుకొనుట నా విధి.

పాఠశాలలో చదివిన మాకు శబ్దార్థనిర్ణయమునకు మొదటి శరణ్యము అమరకోశము. అమరసింహుడు శష్పమనగా లేతగడ్డి యనెను. వైశ్యవర్గమున యవలను చెప్పుచు, పచ్చని యవలు తోక్మమనెను. బాల్యమున నేర్చిన ఆ పంక్తులు నాకు వేదవాక్యముతో సమానము. కళాశాలలో వైదికవాఙ్మయము బోధించిన సుమారు ముప్పది సంవత్సరములును, సౌత్రామణీప్రసంగము వచ్చినప్పుడెల్ల శష్పములు లేతగడ్డి, తోక్మములు పచ్చి యవలు అనియే చెప్పితిని. ఒకమారు ఒక విద్యార్థి లేచి, “గురువుగారూ, గడ్డితో సుర ఎట్లా అవుతుందండీ?” యని యడిగెను. తరగతి నవ్వెను. “అమరము చూచితివా లేదా?” యని గద్దించి కూర్చుండబెట్టితిని. ఆ ప్రశ్న సరియైనది. నా సమాధానము సమాధానమే కాదు.

శ్రౌతవ్యాఖ్యాతలు చెప్పినది వేఱు. పదునాఱవ శతాబ్దమున కాశీనగరమున నుండిన మహీధరుడు వాజసనేయి సంహితాభాష్యమున పందొమ్మిదవ అధ్యాయారంభమున, కాత్యాయన శ్రౌతసూత్రము ననుసరించి, సురాసంధానక్రమమును విస్తరముగా వివరించెను. అతని మతమున శష్పములనగా మొలకెత్తిన వ్రీహులు, తోక్మములనగా మొలకెత్తిన యవలు. శతపథ బ్రాహ్మణమును ఆంగ్లీకరించిన ఎగ్గెలింగ్ పండితుడు, 1900లో ముద్రితమైన సంపుటమున, ఈ రెండు పదములకు క్రమముగా వరిమాల్టు, బార్లీమాల్టు అను అర్థముల నిచ్చెను. ఈ గ్రంథములు రెండును నేను చూడకపోలేదు. అయినను, ఇవి వ్యాఖ్యాతలు సందర్భమునకై చేసికొన్న కల్పనలని, కోశార్థమే ముఖ్యమని తలచితిని. మొలకకును సురకును ఏమి సంబంధమో నాకు తెలియకపోవుటయే దానికి కారణము. వస్తుజ్ఞానము లేనివాడు వ్యాఖ్యానమును చూచియు చూడడు.

ఆ వస్తుజ్ఞానము నాకు లభించిన తీరును ఇక చెప్పెదను. 2023వ సంవత్సరము వేసవిలో అమెరికాలోని ఓరిగన్ రాష్ట్రమున పోర్ట్‌లాండ్ నగరమందు మా కుమారుని యింట రెండు నెలలుంటిని. నా బాల్యమిత్రుడొకడు, రసాయనశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్నవాడు, అదే నగరమున కుమార్తె కుటుంబముతో నివసించుచున్నాడు. అతనికి యింటియందు బీరు తయారు చేయుట వినోదము. ఆ దేశమున ఇది నేరము కాదు. 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన శాసనము ననుసరించి, పెద్దవారొక్కరే యున్న యింట ఏటికి నూఱు గ్యాలనులు, ఇద్దఱు లేక అంతకు మించి యున్న యింట రెండువందల గ్యాలనులు, విక్రయింపకుండ స్వంతమునకు చేసికొనవచ్చును. మన యొద్ద 1968 నాటి అబ్కారీ చట్టము ప్రకారము అనుమతి లేనిదే యిట్టి పని చేయరాదు. కనుక ఈ వ్యాసము చదివి ఎవరును ప్రయోగమునకు దిగవద్దని మనవి.

ఇచ్చట నొక విశేషము. కౌటిల్యుడు సురాధ్యక్షప్రకరణమున సురను రాజు యొక్క ఆధీనమున నుంచియు, గృహస్థులు కృత్యములందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును స్వయముగా చేసికొనుట కనుమతించెను. ఉత్సవ, సమాజ, యాత్రలయందు నాలుగు దినములు సురాసంధానమునకు వెసులుబాటు నిచ్చెను. గృహమున జరుగు స్వల్పసంధానమును అంగడి వ్యాపారమునుండి వేఱుచేసి చూచుట క్రొత్త ఆలోచన కాదన్నమాట.

మిత్రుడంతవరకును అంగడిలో దొరకు మాల్టుపాకమును నీటిలో కలిపి కాచి బీరు చేయుచుండెను. బెల్లము కొని పానకము చేయుట వంటి పని యది. ఈసారి గింజనుండియే ఆరంభింపవలెనని అతని సంకల్పము. చెఱకు గానుగాడి బెల్లము వండినట్లు, గింజలోని పిండిపదార్థమును తానే చక్కెరగా మార్చవలెను. అది అతనికి మొదటి ప్రయత్నము. సహాయమునకు రమ్మని పిలిచెను. పానము తప్ప తక్కిన సహాయమంతయు చేసెదనని నియమము చెప్పి వెళ్లితిని.

వాకిట బల్లమీద ఒక సంచిలో యవలు కలవు. పది పౌండ్లు, అనగా దాదాపు నాలుగున్నర కిలోలు, లేతరంగు గింజ. మఱియొక పౌండు కొంచెము మాడిన రంగు గింజ. చూచుటకు మామూలు యవలే. “పచ్చివా, వేయించినవా?” యని యడిగితిని. “రెండూ కాదు, మొలకలు. మొలకెత్తించి ఎండబెట్టినవి. నాలుగు గింజలు నమిలి చూడు” అనెను. నమలితిని. గింజ పళ్లక్రింద అటుకువలె చిట్లెను. నాలుకకు తీపి తగిలెను. ఎండుయవలను నమిలినచో ఆ తీపి యుండదు, పైగా పళ్లు నొచ్చును. “తోక్మము!” అని నా నోట వెడలినది. అతనికి అర్థము కాలేదు. చెప్పితిని. “గడ్డి అని చెప్పావా ఇన్నాళ్లూ? అది గడ్డి కాదోయ్ పండితుడా, మొలక” అని నవ్వెను.

మొలకలో నేమున్నది? గింజలోని పిండి, పుట్టబోవు మొక్కకు తల్లి యిచ్చిన దారిబత్తెము. నిద్రించు గింజయందు ఆ పిండి కరుగదు. తడిపి, నీరు వార్చి, గాలి తగులునట్లు పఱచిన నాలుగైదు దినములలో గింజ మేల్కొనును, వేరు పొడుచును, పొట్టు క్రింద మొలక పెరుగును. అప్పుడు గింజ తన పిండిని తానే చక్కెరగా మార్చుకొనుటకు అమైలేజులను పాచకద్రవ్యములను సిద్ధము చేసికొనును. మొలక గింజ పొడవునకు ఇంచుమించు సరిపోవుదాక పెరుగనిచ్చి, వెచ్చనిగాలితో ఎండబెట్టుదురు. మొలక చచ్చును, పాచకద్రవ్యము మిగులును. ఇదియే మాల్టు. ఇంకను పెరుగనిచ్చినచో పిండియంతయు మొక్కకే చెల్లును. అప్పుడది నిజముగా గడ్డియే. దానితో సుర కాదు. నా విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇదే సమాధానము.

ఆంధ్రులకు ఇది తెలియని సంగతి కాదు. మన గృహములందు రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, విసరి పసిపిల్లలకు జావ కాచుదురు. మొలకల పిండితో కాచిన జావ పలుచనగును, తీయనగును; మామూలు రాగిపిండితో కాచినది చిక్కబడును. దానిని రాగిమాల్టు అనియే యిప్పుడు పిలుచుచున్నారు. మా యింట ముప్పది యేండ్లు నా కన్నుల యెదుట జరిగిన ఆ పనికి తోక్మశబ్దముతో ముడి కలదని నేను గుర్తింపలేకపోతిని.

ఇక సంధానము. గింజను మఱలో నలిపి, మూతగల నీలిరంగు చల్లపెట్టెలో పోసితిమి. అడుగున కుళాయి, దాని లోపలివైపు తీగలతో అల్లిన గొట్టము వడపోతకై అమర్చబడినవి. పదుమూడు లీటర్ల నీటిని 74 డిగ్రీల సెల్సియసు వఱకు కాచి పోసి కలిపితిమి. మిశ్రము 67 డిగ్రీలవద్ద నిలువవలెను. అరువదికి కొంచెము పైన ఒక పాచకద్రవ్యము, డెబ్బదికి చేరువలో మఱియొకటి చుఱుకుగా పని చేయును; ఈ రెండింటికి నడుమ నిలుపుట యుక్తి. ఉష్ణమాపకము 63 మాత్రమే చూపెను. పెట్టె చల్లగా నుండి వేడిని పీల్చుకొన్నది. ముందుగా వేడినీటితో కడిగి యుంచవలసినదట. మిత్రుడు గాబరాపడి మరుగునీరు రెండు లీటర్లు పోసి, గరిటెతో త్రిప్పి, ఎట్లో 66కు తెచ్చెను. గంట గడచిన పిమ్మట ఒక చుక్క రసమును తెల్లని పళ్లెములో వేసి దానికి అయొడిన్ చుక్క కలిపెను. పిండి మిగిలియున్నచో నల్లనినీలము కావలెను. అయొడిన్ తన రంగుననే యుండెను. పిండి యంతయు చక్కెరయైనదని అర్థము.

ఆ రసమును నాలుకమీద వేసికొని చూచితిని. పులియనిది గనుక దోషము లేదు. చెఱకురసము కాదు, తేనె కాదు. వేగిన అటుకులు బెల్లపు నీటిలో నానినట్లున్నది.

వడపోతవద్ద కష్టము వచ్చినది. కుళాయి త్రిప్పగా మొదట మడ్డిరసము వచ్చెను. దానిని మరల పైననే పోయుదురు. యవల పొట్టే అడుగున పఱచుకొని జల్లెడ యగును, రెండుమూడుమార్లు పోసినతరువాత తేటరసము దిగును. మాకు కొంత దిగి, సన్నబడి, నిలిచిపోయినది. మఱ బిగువుగా నుండి గింజ పిండియైపోయినది, పొట్టు నలిగినది. “ఊక కలుపుదాం” అని మిత్రుడు లోపలినుండి ఒక సంచి తెచ్చెను. నిజముగా వరిఊకయే. బీరు సామగ్రి అమ్ము అంగడిలో డబ్బిచ్చి కొన్నాడట. గోదావరితీరమున ఊక కుప్పల నడుమ ఆడుకొన్న మేమిద్దఱము వెలపెట్టి కొన్న ఊకను చూచి నవ్వుకొంటిమి. దానిని కలిపి అఱగంట నిలిపిన పిమ్మట ధార మరల సాగెను.

ఆ కుళాయియొద్ద కూర్చుండి యున్నప్పుడే మఱియొక శబ్దము తెరపడినది. ఋగ్వేదము మొదటి మండలము నూటపదునాఱవ సూక్తమున అశ్వినులు కక్షీవంతునకై అశ్వశఫమునుండి నూఱు కుంభముల సురను నింపిరని కలదు. ఆ శఫమునకు కారోతరమని విశేషణము. అచ్చట కారోతరమనగా వడపోత సాధనము. అమరకోశమున కారోత్తరమనగా సురామండము, అనగా సురపై తేరిన తేట. ఒకటి సాధనము, మఱియొకటి ఫలము. ఈ రెండర్థములకు పొంతన యెట్లని నేను విచారించుచుండెడివాడను. పొట్టుపొరమీదుగా మడ్డిరసము పోయుచు, క్రిందినుండి తేట పట్టుచున్నప్పుడు, వడపోతపేరు వడపోసిన తేటకు సంక్రమించుట ఎంత సహజమో తెలిసినది. శ్రౌతమునందు సురను గోవాలములతోడను, అశ్వవాలములతోడను చేసిన పవిత్రముచే వడకట్టుట విధి.

తక్కిన క్రియను త్వరగా చెప్పెదను. తేటరసమును గంటసేపు మరిగించి, హాప్స్ అను తీగయొక్క ఎండుపూవులను మూడు దఫాలుగా వేసితిమి. అవి కాస్కేడ్ అను రకము. అదే రాష్ట్రమున కర్వాలిస్ నగరమందలి పరిశోధనలో పెంపొంది 1972లో వెలువడినది. చేదునకును, నిలువ యుండుటకును అవి. చల్లార్చి, ఈస్టు కలిపి, మూత బిగించిరి. రసపు సాంద్రత 1.046. రెండువారములకు 1.011కు దిగినదనియు, మద్యాంశము దాదాపు 4.6 శాతమనియు మిత్రుడు తరువాత తెలిపెను. మొదటి ప్రయత్నమునకు లోటు లేదట. ఆ విషయమున నేను సాక్షిని కాను.

అయితే నాకు ముఖ్యమైన ప్రయోగము మఱునాడు జరిగినది. శ్రౌతసుర కేవలము మొలకలతో చేయబడదు. అందు వ్రీహి శ్యామాకముల చరువు, అనగా వండిన అన్నము కలదు. వండిన అన్నమునకును మొలకపొడికిని పొత్తు కుదురునా? మిత్రునడిగితిని. అతడు గుప్పెడు బియ్యమును మెత్తగా గంజివలె వండి, 65 డిగ్రీలకు చల్లార్చి, రెండు చెంచాల మాల్టుపొడి కలిపెను. గరిటె నిలుచునంత చిక్కగా నుండిన గంజి పావుగంటలో మజ్జిగవలె పలుచనాయెను. గంటకు తీయనయ్యెను. మొలకలోని పాచకము తన పిండినే కాక ప్రక్క గింజ పిండినికూడ కరిగించును. పచ్చి బియ్యమైనచో ఇట్లు కాదు. యవలపిండి సంధానపు వేడికే ఉబ్బి కరగును. బియ్యపుపిండికి అంతకు మించిన వేడి కావలెను. అందుచే బియ్యము వాడు బీరుకర్మాగారములందును దానిని ముందుగా వండియే మాల్టుతో కలుపుదురు.

ఇప్పుడు మహీధరుని క్రమమును మరల చూడుడు. వ్రీహి శ్యామాకములను సమృద్ధిగా నీరు పోసి వేర్వేఱుగా చరువులు వండవలెను. ఆ గంజిని వార్చి, శష్ప తోక్మ లాజ నగ్నహు చూర్ణములతో కలిపినది మాసరము. పిమ్మట చరువులను ఆ చూర్ణములతోడను మాసరముతోడను కలిపి, కుండలో నుంచి, మూడు రాత్రులు గోతిలో నిలుపవలెను. మొదటి రాత్రి ఒక గోవు పాలును శష్పచూర్ణమును, రెండవ రాత్రి రెండు గోవుల పాలును తోక్మచూర్ణమును, మూడవ రాత్రి మూడు గోవుల పాలును లాజచూర్ణమును చేర్చవలెను. ముందు వంట, తరువాత మొలకపొడి. ఈ పౌర్వాపర్యము తాఱుమాఱైనచో క్రియ చెడును. మరుగుచున్న చరువులో మొలకపొడి వేసినచో పాచకము మాడిపోవును. వండకయే కలిపినచో బియ్యపుపిండి కరుగదు. ఈ క్రమము అనుభవము లేనివారు ఊహించి వ్రాయగలిగినది కాదు. లేతగడ్డిని పొడిచేయుటయు కుదరదు; చూర్ణశబ్దమే ఎండినమొలకను సూచించును. మహీధరుడు అర్థమును కల్పింపలేదు, సంప్రదాయమును రక్షించెను. అతనిని నమ్మక నేను కోశమును నమ్మితిని.

తోక్మశబ్దమునకు మొలక యను అర్థము ఋగ్వేదముననే కలదు. పదవమండలము అరువదిరెండవ సూక్తమున ఒక దాతను గూర్చి, అతడు తోక్మమువలె మొలచి పెరుగుగాక యని ఆశంస కలదు. తోకమనగా సంతానమని మనకు తెలిసినదే. పెరుగుటయే అచ్చట సామాన్యధర్మము, పచ్చదనము కాదు. మొలకెత్తిన యవలనుండి పచ్చని యవలకు అర్థము జరుగుట లోకమున కష్టము కాదు. అమరుని నాటికి ఆ జరుగుబాటు పూర్తియైనది.

ప్రతిపక్షమును దాచరాదు. ఐతరేయ బ్రాహ్మణము ఎనిమిదవ పంచికయందు రాజు పునరభిషేకమున దధి, మధు, ఘృతములతో పాటు శష్పములు, తోక్మములు, సుర, దూర్వలు చెప్పబడినవి. దూర్వల సాహచర్యముచే అచ్చట శష్పము లేతగడ్డి యనువారిని నేను కాదనను. సుర వేఱుగ సిద్ధమైయున్నందున, సురాసాధనములైన మొలకలు మరల అక్కఱలేదని వారు వాదింపవచ్చును. అట్లే శతపథమున శష్పములను సీసముతో, తోక్మములను ఉన్నితో, లాజలనిమిత్తము ధాన్యమును నూలుతో కొనవలెనను విధిని చూపి, గడ్డిని ఎవరు కొందురని వాదించుటయు బలహీనమే. సోమలతయు కొనబడునదియే కదా. నా నిర్ణయము ఇంతమాత్రము: సౌత్రామణీ ప్రకరణమున, చూర్ణముగా చెప్పబడినచోట, శష్పతోక్మములు ఎండిన మొలకలే. తక్కినచోట్ల సందర్భమే శరణ్యము.

నగ్నహువు మాట యింక మిగిలినది. మొలక పిండిని చక్కెర చేయును. చక్కెరను మద్యము చేయునది వేఱు. అది ఈస్టు. కంటికి కనబడని ఏకకణజీవి. 1516లో బవేరియా ప్రభువులు బీరునకు యవలు, హాప్స్, నీరు తప్ప మఱేమియు వాడరాదని శాసించిరి. అందు ఈస్టు పేరు లేదు. అది ప్రాణియనియు, పులియుట దాని జీవనక్రియయనియు పంతొమ్మిదవ శతాబ్దమున పాశ్చరు మొదలగువారు స్థాపించిరి. శ్రౌతమున ఆ పని చేయునది నగ్నహువు కావలెను. మహీధరుడు దానిని సర్జత్వక్కు, త్రిఫలలు, శుంఠి, పునర్నవ, పిప్పలి, చిత్రకము, అశ్వగంధ, ధనియాలు, జీలకఱ్ఱలు మొదలగు ద్రవ్యముల సముదాయముగా చెప్పి, చివర మొలకెత్తిన యవవ్రీహులనుకూడ చేర్చెను. బెరడులయందు, వేళ్లయందు, మొలకల పొట్టునందు సహజముగా అంటియుండు ఈస్టులే ఆ కుండను పులియజేసినవని మిత్రుని అభిప్రాయము. నాకును అది సమంజసముగ తోచినది.

అమరుడు నగ్నహువును కిణ్వమునకు పర్యాయముగా చెప్పెను. కాని కౌటిల్యుని కిణ్వము ఈ నగ్నహువు కాదు. అది ఒక ద్రోణము మినుములముద్ద, పచ్చిదైనను ఉడికినదైనను. దానికి మూడవవంతు అధికముగా బియ్యము. మోరటాదులు ఒక్కొక్కటి కర్షప్రమాణము. మినుములు, బియ్యము అనగానే మనకు ఇడ్లీపిండి జ్ఞప్తికి వచ్చును. కాని పని వేఱు. మేదకమునకు కౌటిల్యుని కొలత ఒక ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము. ద్రోణమునకు పదునాఱు ప్రస్థములు గనుక, పదునాఱు పాళ్ల నీటికి రెండు పాళ్ల బియ్యము, మూడు పాళ్ల కిణ్వము. బియ్యమునకంటె కిణ్వమే యెక్కువ! మొలకల ప్రసక్తి అందు లేదు. పిండిని చక్కెర చేయుట, చక్కెరను మద్యము చేయుట, రెండును కిణ్వమే చేయవలెను. సిక్కింలో మర్చా యనియు, ఝార్ఖండులో రాను అనియు పిలువబడు బియ్యపు బిళ్లలలో ఓషధులతో పాటు బూజులును ఈస్టులును కలిసియుండును. బూజు పిండిని కరిగించును, ఈస్టు పులియించును. కౌటిల్యకిణ్వము ఈ జాతిదని నా యభిప్రాయము. కావున వైదికమార్గము మొలకమార్గము, కౌటిల్యమార్గము కిణ్వమార్గము. అమరుడు రెండు పదములను ఒక్కటి చేసినంత మాత్రమున రెండు క్రియలు ఒక్కటి కావు.

ఈ సందర్భమున దార్శనికులకొక మాట. కిణ్వాదులలో ప్రత్యేకముగా లేని మదశక్తి వాని కలయికచే పుట్టినట్లు, జడభూతముల కలయికచే చైతన్యము పుట్టునని చార్వాకులు దృష్టాంతము చెప్పుదురు. ప్రతివాదులు దార్ష్టాంతికమును ఖండించిరి. కిణ్వమే జీవులతో నిండియున్నదని ఇప్పుడు తెలిసినది. జడమునకు చూపిన ఉదాహరణము జీవక్రియయైనది. చార్వాకుని దృష్టాంతమే సాధ్యవికలమని యెవరైన నొక వ్యాసము వ్రాయదగును.

ఈ యర్థములు మన పాఠములనుండి ఎట్లు జాఱిపోయినవి? కలివర్జ్యములలో సౌత్రామణీ సురాగ్రహణము చేరినది. అంతకు పూర్వమే సంకోచమున్నది. తైత్తిరీయ బ్రాహ్మణము మొదటి అష్టకముననే, శేషించిన సురను త్రాగుటకు ఒక బ్రాహ్మణుని వెలయిచ్చి తెచ్చుకొనుమనియు, దొరకనిచో పుట్టపై పోయుమనియు విధింపబడినది. త్రాగువాడు దొరకుట దుర్లభమైన కాలముననే చేయువాడును దుర్లభుడై యుండును. క్రియ పోయిన తరువాత పదము మిగిలెను, పదమునకు కోశము చెప్పినదే అర్థమాయెను. సోమయాగ పాత్రలపేర్లు నేటికిని మనకు స్పష్టముగ నున్నవనగా, ఆ క్రియలు అక్కడక్కడ జరుగుచుండుటయే కారణము.

పోర్ట్‌లాండునుండి తిరిగి వచ్చిన వారములోపలనే ఆ పాతవిద్యార్థి చిరునామా కనుగొని ఉత్తరము వ్రాసితిని. అతడిప్పుడు తానును సంస్కృతాధ్యాపకుడు, పదవీవిరమణకు చేరువైనవాడు. అతని ప్రశ్న సరియైనదనియు, నేను గద్దించుట తప్పనియు, గడ్డి కాదు మొలక యనియు తెలిపితిని. పది దినములకు ప్రత్యుత్తరము వచ్చినది. ఆనాటి సంగతి తనకు జ్ఞాపకమే లేదట. అయినను ఆ వారము సౌత్రామణీపాఠము చెప్పునపుడు, యింటినుండి రెండు గిన్నెల జావ తరగతికి తీసికొనిపోయి, ఒకటి మామూలు రాగిపిండిది, మఱియొకటి మొలకలపిండిది, రెండింటిని వంచి చూపించితినని వ్రాసెను.